లైబ్రరీ చిరునామా చెప్పవలసింది ఎవరు?

మూడేళ్ళ కిందట ఒక విద్యాసంస్థ కోసం ప్రశంసాపత్రాలు అచ్చువేసే చిన్న ప్రోగ్రాము ఒకటి రాశాం. ముందుగా గీసి పెట్టుకున్న పత్రం మీద విద్యార్థి పేరును తెలుగు ఫాంటులో చేర్చి, పీడీఎఫ్‌గా మార్చి ఇవ్వడమే దాని పని. పైథాన్‌లో రాసిన ఆ ప్రోగ్రాము, బొమ్మ మీద అక్షరాలు వేయడానికి పిల్లో అనే లైబ్రరీని, అంటే ఇతర ప్రోగ్రాములు పిలిచి వాడుకునే సిద్ధమైన కోడును, వాడుతుంది. నా కంప్యూటరులో 'లక్ష్మి' అన్న పేరు షవత్తు, మవత్తు, గుడి అన్నీ చక్కగా అమరి వచ్చింది. సర్వర్ మీద అదే ప్రోగ్రాము, అదే ఫాంటు, అదే పేరు. అచ్చయినది మాత్రం 'లక్‌ష్‌మి'. ఒత్తులన్నీ విడిపోయి పొల్లులయ్యాయి. ప్రోగ్రాము ఎక్కడా ఆగలేదు, తప్పు జరిగిందని ఒక్క ముక్క కూడా రాయలేదు. కట్ట విప్పి చూసిన గుమస్తాగారు ఫోను చేసి, "పిల్లల పేర్లన్నీ పొల్లులతో వచ్చాయండీ, వీటిని వేదిక మీద ఎలా ఇస్తాం?" అని అడిగేదాకా మాకు తెలియనే తెలియదు.

కారణం వెతికితే ఒక చిన్న ఫైలు దగ్గర తేలింది. తెలుగు వంటి లిపుల్లో అక్షరాలను కూర్చి గుణింతాలూ ఒత్తులూ సరిగా నిలబెట్టే పనిని పిల్లో తాను చేయదు. రాక్మ్ అనే మరో లైబ్రరీకి అప్పగిస్తుంది. పిల్లోలో రాక్మ్ పనిచేయాలంటే హార్ఫ్‌బజ్, ఫ్రిబిడి అనే రెండు లైబ్రరీలు కావాలి. ఫ్రిబిడి చేసేది అరబిక్, హీబ్రూ వంటి కుడి నుంచి ఎడమకు రాసే లిపుల వరుస తేల్చడం. మన లిపికి దానితో నేరుగా పని లేదు, అయినా అది లేకపోతే రాక్మ్ కదలదు. పిల్లో తన వెంట హార్ఫ్‌బజ్‌ను మోసుకొస్తుంది కానీ, ఫ్రిబిడిని మాత్రం నడిచే సమయంలో ఆ యంత్రంలో ఉందేమోనని వెతుక్కుంటుంది. దొరికితే సరే. దొరకకపోతే రాక్మ్‌ను పక్కన పెట్టి, ఒక్కో అక్షరాన్నీ విడివిడిగా పక్కపక్కన పేర్చే సాదా పద్ధతికి మారిపోతుంది. ఇంగ్లీషు రాసేవారికి ఈ మార్పు కంటికి కూడా ఆనదు. మనకు పేర్లు విరిగిపోతాయి.

అప్పటి నుంచి ఒక విషయంలో నా అభిప్రాయం గట్టిపడింది. ఒక ప్రోగ్రాముకు కావలసిన లైబ్రరీ ఎక్కడ ఉందో చెప్పే బాధ్యత ఆ ప్రోగ్రామును తయారుచేసి పంపినవారిదే; దానిని నడిపేవారి మీదకు, వారు లాగిన్ అయినప్పుడు చదవబడే అమరికల ఫైళ్ళ మీదకు, వారి జ్ఞాపకశక్తి మీదకు నెట్టకూడదు. ఇది ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే, ప్రోగ్రాము మొదలయ్యే ఆ కొద్ది మిల్లీసెకన్లలో ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలి.

లినక్స్‌లో మనం ఒక ప్రోగ్రాము పేరు కొట్టి ఎంటర్ నొక్కగానే దాని లైబ్రరీలను వెతికేది కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం, అని చాలామంది అనుకుంటారు. కెర్నల్‌కు లైబ్రరీల సంగతే తెలియదు. అది ప్రోగ్రాము ఫైలును తెరిచి, లినక్స్ ప్రోగ్రాము ఫైళ్ళకు వాడే ఎల్ఫ్ పద్ధతిలో ఉందని నిర్ధారించుకుని, అందులో ఒకే ఒక్క చిరునామా చదువుతుంది: ఈ ప్రోగ్రామును సిద్ధం చేసే లోడర్ ఎక్కడ ఉందన్నది. ఎక్స్86-64 యంత్రాల్లో సాధారణంగా అది "/లిబ్64/ఎల్‌డీ-లినక్స్-ఎక్స్86-64.ఎస్‌ఓ.2". గమనించవలసింది ఏమిటంటే, ఇది పూర్తి దారి; ఇక్కడ వెతుకులాట ఏమీ లేదు. కెర్నల్ ఆ లోడర్‌ను మెమరీలో పెట్టి, పగ్గాలు దాని చేతికిచ్చి తప్పుకుంటుంది. ఆ తరువాత జరిగే వెతుకులాటంతా లోడర్‌దే, అదీ మామూలు ప్రోగ్రాములాగానే యూజర్ స్థాయిలో జరుగుతుంది.

ఈ ఒక్క సంగతి తెలియక గంటలకొద్దీ తల పట్టుకున్నవారిని చూశాను. ఉబుంటులో తయారైన ప్రోగ్రామును ఆల్పైన్ లినక్స్ మీదకు కాపీ చేసి నడిపితే, ఫైలు కళ్ళ ముందే ఉన్నా 'అలాంటి ఫైలు లేదు' అని సమాధానం వస్తుంది. లేనిది ప్రోగ్రాము కాదు, దానిలో రాసి ఉన్న లోడర్. ఆల్పైన్, ఉబుంటులో ఉండే జీలిబ్‌సీ అనే మూల సీ లైబ్రరీకి బదులు, మసిల్ అనే మరో దానిని వాడుతుంది కనుక ఆ చిరునామాలో ఎవరూ ఉండరు. తప్పు సందేశం ఎవరి గురించి మాట్లాడుతోందో చెప్పకపోవడం వల్ల ఎంత సమయం వృథా అవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

లోడర్ తన పని మొదలుపెట్టాక, ప్రోగ్రాములో 'నాకు ఇవి కావాలి' అని రాసి ఉన్న పేర్ల జాబితా చదువుతుంది. ఆ పేర్లలో సాధారణంగా దారి ఉండదు, 'లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్‌ఓ.3' వంటి ఉత్త పేరే ఉంటుంది. పేరులో ఎక్కడైనా ఏటవాలు గీత (/) ఉంటే దానిని దారిగానే తీసుకుని నేరుగా అక్కడికే వెళుతుంది. లేకపోతే జీలిబ్‌సీ లోడర్ ఒక నిర్దిష్టమైన వరుసలో వెతుకుతుంది. మొదట, ప్రోగ్రాములో ఆర్‌పాత్ అనే పాతకాలపు గుర్తు ఉండి, రన్‌పాత్ అనే కొత్త గుర్తు లేకపోతే, ఆ ఆర్‌పాత్ చెప్పిన డైరెక్టరీలు. తరువాత, ఎన్విరాన్‌మెంట్‌లో, అంటే ప్రోగ్రాముకు బయటి నుంచి అందే అమరికల్లో, ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ అనే వేరియబుల్ ఉంటే అందులోని డైరెక్టరీలు. ఆ తరువాత రన్‌పాత్. అక్కడా లేకపోతే "/ఈటీసీ/ఎల్‌డీ.ఎస్‌ఓ.కాష్" అనే ఫైలు. చివరగా "/లిబ్", "/యూఎస్ఆర్/లిబ్", వాటి 64-బిట్ తోబుట్టువులు.

ఈ వరుసలో ప్రతి మెట్టుకూ ఒక చరిత్ర ఉంది, ఒక గాయం కూడా ఉంది. కాష్ సంగతి చూడండి. ప్రతి ప్రోగ్రాము మొదలైనప్పుడల్లా డైరెక్టరీలన్నీ గాలించడం దండగ కనుక, ఎల్‌డీకాన్ఫిగ్ అనే ఆదేశం ముందే అన్నీ తిరిగి ఒక సూచిక తయారుచేసి పెడుతుంది. కొత్త లైబ్రరీని చేత్తో "/యూఎస్ఆర్/లోకల్/లిబ్"లో కాపీ చేసి, ఎల్‌డీకాన్ఫిగ్ నడపడం మరిచిపోతే, ఫైలు ఉన్నా లోడర్‌కు కనబడదు. ఇది చిన్న బాధ. ఒక్కసారి పడితే గుర్తుండిపోతుంది.

అసలు చిక్కు ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ది. ప్రశంసాపత్రాల విషయంలో మేము చేసిన తప్పు కూడా ఇదే. ఆ సర్వర్‌లో ప్యాకేజీలు పెట్టుకునే అనుమతి మాకు లేదు. మా జట్టులోని ఒక తమ్ముడు ఫ్రిబిడి ఫైలును తెచ్చి, ప్రోగ్రాము నడిచే ఖాతా హోమ్ డైరెక్టరీలో 'లిబ్' అని ఒక ఫోల్డరు తెరిచి అందులో పెట్టి, ఆ ఖాతా లాగిన్ ఫైలులో ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ను ఎక్స్‌పోర్ట్ చేస్తూ ఒక వాక్యం చేర్చాడు. "అన్నా, ఇప్పుడు చూడు" అన్నాడు. చూశాం. 'లక్ష్మి' లక్షణంగా వచ్చింది. నేనూ సరేనన్నాను. ఆ నిర్ణయంలో అతనికెంత భాగమో నాకూ అంతే.

ఆ రాత్రి, నిర్ణీత వేళకు పనులు నడిపే క్రాన్ ద్వారా తనంతట తాను నడిచిన ప్రోగ్రాము మళ్ళీ విరిగిన పేర్లే అచ్చువేసింది. క్రాన్ లాగిన్ ఫైళ్ళను చదవదు; అందువల్ల ఆ వేరియబుల్ దానికి లేదు. పగలు చేత్తో నడిపితే ఒప్పు, రాత్రి యంత్రం నడిపితే తప్పు. ఇలాంటి తేడాను పట్టుకోవడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుస్తుంది, ఎందుకంటే పరీక్షించి చూసిన ప్రతిసారీ మనం పరీక్షిస్తున్నది తప్పు లేని దారినే. క్రాన్ ఆదేశంలో కూడా అదే వేరియబుల్ చేర్చి ముగించాం. చిరునామా అప్పటికి రెండు చోట్ల రాసి ఉంది, రెండూ ప్రోగ్రాముకు బయటే.

అసలు నష్టం ఏడాది తరువాత బయటపడింది. ఆ 'లిబ్' ఫోల్డరు పనికివస్తుందని గ్రహించిన మరెవరో, ఇంకో ప్రోగ్రాము కోసం అందులో లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్‌ఓ.1.1 (సమాచారాన్ని రహస్యలిపిలోకి మార్చే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ లైబ్రరీ ఫైలు) పాత నకలు ఒకటి పెట్టారు. వరుసలో ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ కాష్ కంటే ముందు వస్తుంది. దాంతో ఆ ఖాతా కింద నడుస్తూ ఆ పేరు కోరే ప్రోగ్రాములన్నీ, సిస్టమ్‌లోని ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌ను వదిలి, ఆ పాత నకలునే వాడుకోసాగాయి. సర్వర్‌ను చూసుకునేవారు భద్రతా సవరణలు ఎప్పటికప్పుడు పెడుతూనే ఉన్నారు, ప్యాకేజీ వెర్షన్ కొత్తదే చూపిస్తోంది, నడుస్తున్న ప్రోగ్రాముల లోపల మాత్రం సవరణకు ముందరి కోడే ఉంది. ఒక ప్రోగ్రాము కోసం పెట్టిన వేరియబుల్ ఆ ఒక్క ప్రోగ్రాముతో ఆగదు; ఆ షెల్ (ఆదేశాలు కొట్టే చోటు) నుంచి పుట్టే ప్రతి ప్రాసెస్‌కూ వారసత్వంగా వెళుతుంది. నేను దీనిని సదుపాయం అనలేను.

ఈ వేరియబుల్‌ను లోడర్ రాసినవారు కూడా పూర్తిగా నమ్మలేదన్నది గుర్తుంచుకోవాలి. సెట్‌యూఐడీ ప్రోగ్రాములు, అంటే నడిపినవారి అధికారంతో కాక ఫైలు యజమాని అధికారంతో నడిచేవి, మొదలైనప్పుడు లోడర్ ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ను పట్టించుకోదు. లేకపోతే ఎవరైనా తన ఫోల్డరులో ఒక దొంగ లైబ్రరీ పెట్టి, రూట్ అధికారం, అంటే యంత్రం మీద పూర్తి అధికారం, కొట్టేయవచ్చు. ఎన్విరాన్‌మెంట్ నుంచి లోడర్‌లోకి వచ్చే ప్రతి మాటా ఒక తలుపే అని 2023 అక్టోబరులో మరోసారి రుజువైంది: జీలిబ్‌సీ_ట్యూనబుల్స్ అనే మరో వేరియబుల్‌ను చదివే చోట లోడర్‌లో ఉన్న లోపం వల్ల మామూలు యూజరు రూట్ కాగలడని క్వాలిస్ సంస్థ పరిశోధకులు బయటపెట్టారు.

విండోస్‌లో కథ వేరే దారిన నడిచి ఇదే చోటికి చేరింది. అక్కడ డీఎల్ఎల్ (విండోస్ లైబ్రరీ ఫైలు) కోసం ముందుగా వెతికేది ప్రోగ్రాము ఉన్న డైరెక్టరీలోనే. ఈ ఒక్క విషయంలో విండోస్ పద్ధతి నాకు నచ్చుతుంది. తరువాత సిస్టమ్ డైరెక్టరీలు, ఆ తరువాత ప్రస్తుత డైరెక్టరీ, చివరగా పాత్ వేరియబుల్. ఒకప్పుడు ప్రస్తుత డైరెక్టరీ ఇంకా ముందుండేది. ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 నుంచి వెనక్కి జరిపారు. అయినా అది వరుసలో ఉంది కనుక, పంచుకున్న ఫోల్డరులో ఒక పత్రాన్నీ దాని పక్కనే ఒక దొంగ డీఎల్ఎల్‌నూ ఉంచి, పత్రం తెరిచినవారి యంత్రంలోకి చొరబడే దాడుల గురించి మైక్రోసాఫ్ట్ 2010 ఆగస్టులో హెచ్చరిక జారీ చేయవలసి వచ్చింది. మాక్‌ఓఎస్‌లో లైబ్రరీ తన చిరునామాను తనలోనే రాసుకుంటుంది. దానితో లింకు అయిన ప్రోగ్రాము ఆ చిరునామాను నకలు చేసుకుని ఉంచుకుంటుంది. సిద్ధాంతంగా చూస్తే నా వాదానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఇదే.

లినక్స్‌లో మరి సరైన దారి ఏది? రన్‌పాత్‌లో డాలర్ ఆరిజిన్ అని రాయడం. ఆ మాటకు అర్థం 'నేను ఉన్న డైరెక్టరీ' అని. ప్రోగ్రాము 'బిన్' ఫోల్డరులో, దాని లైబ్రరీలు పక్కనే ఉన్న 'లిబ్' ఫోల్డరులో ఉంటే, రన్‌పాత్‌లో 'డాలర్ ఆరిజిన్, ఒక మెట్టు పైకి, అక్కడి లిబ్' అని రాస్తే చాలు. మొత్తం ఫోల్డరును ఎక్కడికి జరిపినా పనిచేస్తుంది, క్రాన్ నడిపినా మనిషి నడిపినా ఒకే సమాధానం వస్తుంది, పక్క ప్రోగ్రాము జోలికి పోదు. పిల్లో హార్ఫ్‌బజ్‌ను మోసుకొచ్చేది కూడా డాలర్ ఆరిజిన్‌తోనే. ఫైలు పేరులో ఒక హాష్ (ఫైలులోని విషయం నుంచి లెక్కించిన గుర్తు) కూడా చేర్చి, అదే పేరుతో మరొకటి ఎదురై గందరగోళం కాకుండా చూసుకుంటుంది. నిక్స్‌ఓఎస్ దీనిని చివరి అంచుదాకా తీసుకువెళ్ళింది: ప్రతి ప్రోగ్రాములోనూ దానికి కావలసిన లైబ్రరీల పూర్తి దారులు రాసి ఉంటాయి, "/లిబ్" అనే ఉమ్మడి చావడితో పనే లేదు. తయారైపోయిన ఫైలులో ఈ దారులను మార్చే ప్యాచ్‌ఎల్ఫ్ అనే పనిముట్టు ఆ ప్రాజెక్టు నుంచే వచ్చింది.

రన్‌పాత్‌లో ఒక మెలిక ఉంది, చెప్పకపోతే నా వాదం అసంపూర్ణం. పాత ఆర్‌పాత్ ప్రోగ్రాములో రాస్తే, ఆ ప్రోగ్రాము పిలిచే లైబ్రరీలు మళ్ళీ పిలిచే లైబ్రరీలకు కూడా వర్తించేది. రన్‌పాత్ అలా కాదు. ఎవరిలో రాశారో వారు నేరుగా కోరే వాటికే వర్తిస్తుంది. ప్రోగ్రాములో రన్‌పాత్ సరిగా ఉన్నా, దాని లైబ్రరీ కోరే ఇంకో లైబ్రరీ దొరక్కపోవడం ఇందుకే. చాలామంది ఇక్కడ విసిగిపోయి మళ్ళీ ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ వైపు వెళతారు. నా ఉద్దేశంలో రన్‌పాత్ చేస్తున్నదే న్యాయం: ఎవరి చిరునామాల పుస్తకం వారు ఉంచుకోవాలి. మనం వెంట పంపే ప్రతి లైబ్రరీలోనూ డాలర్ ఆరిజిన్ రాయాలి, అంతే. ఇది శ్రమే, కానీ ఒక్కసారి పడే శ్రమ.

ఇంతటి తలనొప్పి ఎందుకు, లైబ్రరీలన్నిటినీ ప్రోగ్రాములోనే కలిపేసి ఒకే ఫైలుగా ఇస్తే పోదా అని గో భాషలో పనిచేసే మిత్రులు అడుగుతారు. చిన్న పనిముట్లకు అది బాగానే ఉంటుంది, నేనూ వాడతాను. కానీ తెలుగువారిగా మనం 2018 ఫిబ్రవరిని మరిచిపోకూడదు. జకారం, ఞవత్తు, మధ్యలో కంటికి కనబడని ఒక జోడింపు నిరోధక గుర్తు, దీర్ఘం కలిసిన ఒక్క తెలుగు అక్షరం సందేశంలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. ఆ అక్షరాన్ని చూపించే యాప్‌లు చాలావరకు పడిపోయేవి, ఎందుకంటే తప్పు యాప్‌లలో లేదు, అవన్నీ పంచుకునే ఆపిల్ వారి అక్షర కూర్పు లైబ్రరీలో ఉంది. ఐఓఎస్ 11.2.6 వచ్చి ఆ ఒక్క లైబ్రరీని సరిచేయగానే అన్ని యాప్‌లూ ఒకేసారి బాగయ్యాయి. ప్రతి యాపూ ఆ కోడును తనలో కలిపేసుకుని ఉంటే, ఒక్కో కంపెనీ ఒక్కో సవరణ విడుదల చేసేదాకా మన అక్షరం ఫోన్లను పడగొడుతూనే ఉండేది. పంచుకోవడం వల్ల తప్పూ పంచుకున్నాం, మందూ పంచుకున్నాం. హోమ్ డైరెక్టరీలో పెట్టిన పాత ఓపెన్‌ఎస్ఎస్ఎల్ నకలు మాకు దూరం చేసింది సరిగ్గా ఈ మందునే. వెంట లైబ్రరీలు మోసుకెళ్ళే ప్రతివారూ ఈ బాధ్యత కూడా మోస్తున్నట్టే లెక్క.

ఇక మిగిలినది, ప్రోగ్రాము నడుస్తూ మధ్యలో డీఎల్‌ఓపెన్ ద్వారా అడిగే లైబ్రరీల సంగతి. ఫ్రిబిడి ఇలా అడిగినదే కనుక, ప్రోగ్రాముకు కావలసిన లైబ్రరీలను చూపే ఎల్‌డీడీ అనే ఆదేశం మేము నడిపి చూసిన జాబితాలో దాని పేరే లేదు. చివరకు దారి చూపినది ఎల్‌డీ_డీబగ్ వేరియబుల్. దానికి 'లిబ్స్' అని విలువ ఇచ్చి నడిపితే, లోడర్ ఏ పేరు కోసం వెతుకుతోందో, ఏ డైరెక్టరీలో ఏ ఫైలును ప్రయత్నిస్తోందో వరుసగా తెర మీద రాస్తుంది. ఆ వందల పంక్తుల మధ్య లిబ్‌ఫ్రిబిడి.ఎస్‌ఓ.0 పేరు కనబడింది: కాష్‌లో వెతికింది, సిస్టమ్ డైరెక్టరీల్లో ఒక్కొక్క ఫైలునూ ప్రయత్నించింది, తరువాత ఏమీ జరగనట్టు ఇంకో పని మొదలైంది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ లైబ్రరీలో దొంగచాటుగా పెట్టిన కోడు బయటపడినప్పుడు, కొన్ని లినక్స్ పంపిణీల్లో, దూరం నుంచి లాగిన్ కానిచ్చే ఎస్‌ఎస్‌హెచ్ సర్వరు తాను నేరుగా కోరకపోయినా, యంత్రంలోని సేవలను నడిపే సిస్టమ్‌డీ లైబ్రరీ ద్వారా అది దానిలోకి చేరుతోందని అందరికీ తెలిసింది. అవసరం పడినప్పుడే డీఎల్‌ఓపెన్‌తో తెరవడం ఇలాంటి గొలుసును తెంచే మార్గాల్లో ఒకటి. అయితే అలా తెరిచేవాటి పేర్లు ఎల్‌డీడీ వంటి పనిముట్లకు కనబడకుండా పోతాయి కనుక, వాటిని కూడా ఎల్ఫ్ ఫైలులోనే ఒక గమనికగా రాసే పద్ధతిని సిస్టమ్‌డీవారు ప్రతిపాదించి తామే ఆచరిస్తున్నారు. ఏది కావాలో ఫైలే చెబుతుంది, చదవదలచుకున్నవారు చదువుకోవచ్చు. అందరూ దీనిని అనుసరించాలని నా కోరిక.

మేము చేసిన సవరణ ఇది. ముందుగా, నడుస్తున్న ప్రతి ప్రాసెస్‌కూ "/ప్రాక్" కింద ఉండే 'మ్యాప్స్' ఫైలు తెరిచి, ఆ హోమ్ ఫోల్డరులోని లైబ్రరీలను వాడుతున్నవి ఏవో జాబితా రాసుకున్నాం. మాకు తెలియనివి రెండు తేలాయి. నిజంగా ఆ పాత లైబ్రరీ లేనిదే నడవనిది అందులో ఒకటే. దానికి ప్యాచ్‌ఎల్ఫ్‌తో రన్‌పాత్ రాసి, దాని లైబ్రరీని దాని పక్కకే చేర్చి, దానిని మార్చవలసిన గడువు దాని యజమానులకు రాతపూర్వకంగా పంపాం. ఫ్రిబిడిని సర్వర్ చూసేవారిని అడిగి ప్యాకేజీగా పెట్టించాం. లాగిన్ ఫైలులోని వాక్యాన్నీ, క్రాన్‌లోని వాక్యాన్నీ తీసేశాం. ప్రశంసాపత్రాల ప్రోగ్రాముకు మొదట్లోనే నాలుగు పంక్తులు చేర్చాం: రాక్మ్ అందుబాటులో ఉందో లేదో పిల్లోనే అడిగి, లేకపోతే ఏ లైబ్రరీ కావాలో పేరుతో సహా చెప్పి ఆగిపోవాలి.

నిరుడు ఆ సంస్థ సర్వర్ మార్చింది. కొత్త యంత్రంలో ఫ్రిబిడి లేదు. ప్రోగ్రాము మొదటి పేరు దాకా కూడా పోకుండా, 'రాక్మ్ లేదు, లిబ్‌ఫ్రిబిడి.ఎస్‌ఓ.0 కావాలి, తెలుగు అచ్చు వేయలేను' అని రాసి ఆగింది. గుమస్తాగారే ఆ వాక్యాన్ని ఫోటో తీసి పంపారు. సర్వర్ చూసేవారికి దానినే పంపితే, పావుగంటలో ప్యాకేజీ పెట్టారు.